ఈ రోజు చేత్తో చేసిందే: ఇరవై మంది గ్రూపు ఎలా నిలుస్తుంది

హైదరాబాద్‌లో ఏ ఇంట్లో ఫోన్ తీసి చూసినా గ్రూపులకు కొదవ ఉండదు. అపార్ట్‌మెంట్‌ది ఒకటి, పిల్లల క్లాసుది ఒకటి, పుట్టింటివాళ్లది, అత్తింటివాళ్లది, ఇంటర్ బ్యాచ్‌ది. సగం మ్యూట్‌లో ఉంటాయి. పొద్దున గులాబీ పువ్వుతో గుడ్ మార్నింగ్, పదింటికి ఎవరో పంపిన ఆరోగ్య సూత్రం, సాయంత్రానికి రాజకీయం. ఇదే నగరంలో పదిహేను ఇరవై మందితో, పెద్దగా ఎవరికీ తెలియకుండా, ఏళ్లు గడిచినా చల్లారని గ్రూపులూ ఉన్నాయి. మిద్దె తోటలు పెంచేవాళ్లవి, తెల్లవారుజామున నడిచేవాళ్లవి, కుట్టుపని చేసేవాళ్లవి, ఉద్యోగానికి పోతూ మధ్యాహ్నం డబ్బా తామే కట్టుకునేవాళ్లవి. వాడే యాప్ ఒకటే, మనుషులూ చాలావరకు వాళ్లే. నిలిచేవాటిలో సాధారణంగా కనిపించేది ఒక్క షరతు: ఈ రోజు తన చేత్తో చేసిన పని మాత్రమే పెట్టాలి.

ఇది చిన్న మాటలా కనిపిస్తుంది గానీ దీని వెనక పెద్ద లెక్కే ఉంది. “మంచి విషయాలే పెట్టండి” అన్న నియమం ఎక్కడా పనిచేయదు, ఎందుకంటే ఫార్వర్డ్ చేసేవారి దృష్టిలో ప్రతి ఫార్వర్డూ మంచిదే. “రాజకీయాలు వద్దు” అంటే ఏది రాజకీయం అన్న చర్చ మొదలవుతుంది, అది మళ్లీ రాజకీయమే. “చేత్తో చేసిందే” అన్నప్పుడు మాత్రం వాదనకు చోటు లేదు. “ఇది మీరు చేసిందేనా అండీ?” అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. అడిగినవారు పెద్దరికం చూపినట్టు ఉండదు, పెట్టినవారికి చిన్నతనమూ ఉండదు. బోనం ఎత్తుకున్న ఫొటో సరే, బోనాల శుభాకాంక్షల పోస్టర్ కాదు. హోటల్ బిర్యానీ కాదు, ఇంట్లో దమ్ పెట్టిన గిన్నె అవును. అది అడుగంటితే ఇంకా నయం.

ఇంకా నయం అన్నది వెటకారానికి కాదు. చెడిపోయిన పని కిందే ఎక్కువ మాటలు పుడతాయి. నిగనిగలాడే ఆవకాయ జాడీ ఫొటో పెడితే పది బొటనవేళ్లు వస్తాయి, సంభాషణ అక్కడితో సరి. బూజు పట్టిన జాడీ పెడితే ముక్కలు తుడిచాక ఎంతసేపు ఆరబెట్టారు, ఉప్పు ఎంత పడింది, మూడో రోజు కలిపినప్పుడు నూనె ముక్కల పైకి తేలిందా లేదా అని ఒక్కొక్కటీ బయటికొస్తుంది. తడి, ఉప్పు తగ్గడం, ముక్క నూనెలో మునగకపోవడం, ఈ మూడింట్లో ఏదో ఒకటి దొరుకుతుంది. అది చదివిన మిగతా అందరికీ మరుసటి మేలో జాడీ దక్కుతుంది. నిర్వాహకులు మొదటివారంలోనే తమ చెడిపోయిన పనిని ఒకటి పెట్టడం అందుకే అవసరం. మొదటి ఏడు రోజులూ అన్నీ అందమైన ఫొటోలే వస్తే తర్వాత వచ్చేవారు తమ వంటింటి మసిగుడ్డ కనిపిస్తుందని జంకుతారు, ఆపైన ఎప్పటికీ పెట్టరు.

ఎంతమంది

ఇక్కడ లెక్క చూడాలి. సభ్యుల్లో సగం మంది రోజుకో పోస్టు పెట్టి, ఒక్కోదానికి మూడు జవాబులు వస్తాయనుకుంటే 12 మంది గ్రూపులో రోజుకు 24 సందేశాలు, 24 మంది ఉంటే 48, 60 మంది ఉంటే 120. యాభై వరకూ బస్సులోనో చాయ్ తాగుతూనో చదివేయవచ్చు. నూట ఇరవై అంటే మ్యూటే. ఇంకో లెక్క కూడా ఉంది. 12 మందిలో ఒకరికొకరు తెలియాల్సిన జంటలు 66. 24 మందికి అవి 276 అవుతాయి, 60 మందికి 1,770. మనుషులు రెండింతలైతే పరిచయాల భారం నాలుగింతల పైనే. ఎదుటివాళ్లు ఎవరో తెలియని చోట మసిగుడ్డ ఫొటో ఎవరూ పెట్టరు.

బ్రిటన్‌కు చెందిన మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ మనిషి నిభాయించగల సంబంధాలను 5, 15, 50, 150 అనే వలయాలుగా చెప్పారు. ఆ ఆలోచన మీదే 2010 నవంబరులో పాత్ అనే యాప్ వచ్చింది. రోజువారీ జీవితాన్ని దగ్గరివాళ్లతో మాత్రమే పంచుకోవాలని, స్నేహితుల సంఖ్యను 50కి కట్టేశారు. తర్వాత ఆ హద్దు 150కి పెరిగింది. వినియోగదారుల ఫోన్‌లోని కాంటాక్ట్ పుస్తకాన్ని అడగకుండానే తన సర్వర్లకు ఎక్కించుకుంటోందని 2012లో బయటపడింది, 2018 అక్టోబరులో మూతపడింది. చిన్నదిగా ఉండాలన్న ఆలోచన తప్పు కాదు. చిన్నదిగా ఉంటే కంపెనీకి గిట్టుబాటు కాదు, అంతే. ఇరవై మందితో ఒక గ్రూపు నడిపేవారికి గిట్టుబాటు బెంగ లేదు కాబట్టి ఆ హద్దును వాళ్లు నిజంగానే పాటించగలరు.

పెద్ద ఆన్‌లైన్ సమూహాల్లో వందకు తొంభై మంది చూసి ఊరుకుంటారని, తొమ్మిది మంది అప్పుడప్పుడు, ఒక్కరు మాత్రమే తరచుగా రాస్తారని 2006లో వెబ్‌సైట్ల వాడుకపై పరిశోధించే యాకోబ్ నీల్సన్ రాశారు. ఒక్కొక్కరినీ పిలిచి చేర్చిన గ్రూపులో పరిస్థితి అంత అధ్వానంగా ఉండదు. ఇరవై మందిలో ఆరేడుగురు తరచూ, ఇంకో ఆరేడుగురు వారానికోసారి పెడితే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. మిగిలినవాళ్లను “మీరేం పెట్టట్లేదేంటి” అని అందరి ముందూ అడగకూడదు. అలా అడిగితే మరునాడు ఒక పోస్టు వస్తుంది, వారంలో ఆ మనిషి వెళ్లిపోతారు.

ఎవరిని చేర్చకూడదు అన్నది ఎవరిని చేర్చాలి అన్నంత ముఖ్యం. అత్తాకోడళ్లు ఒకే గ్రూపులో ఉంటే కోడలు మాడిన దోశ పెట్టదు. పెట్టినా వెనకాల ఇంట్లో ఇంకో చర్చ నడుస్తుంది. ఇంటి ఓనరు, అద్దెకున్నవారు కలిసి ఉంటే మిద్దె మీద కొత్తగా పెట్టిన ఇరవై కుండీల ఫొటో బయటికి రాదు. ఆఫీసులో పైఅధికారి ఉన్నచోట మధ్యాహ్నం మూడింటికి అల్లిన కుచ్చుల ఫొటో ఎవరు పెడతారు? అధికారం ఉన్న సంబంధాన్ని బయట ఉంచడం వల్ల కొంత మొహమాటం తప్పదు. తర్వాత వచ్చే మౌనంతో పోలిస్తే ఆ మొహమాటం చవక.

మొదటి పక్షం

అపార్ట్‌మెంట్ గ్రూపు నుంచి ముప్పై నంబర్లు ఒకేసారి లాగి చేర్చడం చాలామంది చేసే మొదటి తప్పు. అపార్ట్‌మెంట్ గ్రూపు పని వేరు. నల్లా వచ్చిందా, లిఫ్టు ఎప్పుడు బాగవుతుంది, కారు అడ్డంగా ఎవరు పెట్టారు, అదంతా అక్కడ జరగాల్సిందే. ఆ తగాదాలున్న మనుషులే యథాతథంగా ఇక్కడికి వస్తే పార్కింగ్ గొడవ వంకాయ కూర కింద బయటపడుతుంది.

ఆరుగురితో గానీ ఎనిమిది మందితో గానీ మొదలుపెట్టడం మేలు. ఒక్కొక్కరికీ ముందు ఫోన్ చేసి మూడు విషయాలు చెప్పాలి: ఇక్కడ ఏం పెడతాం, ఎంతమందికి మించి ఉండం, నచ్చకపోతే చెప్పకుండా వెళ్లిపోయినా ఏమీ అనుకోం. మూడోది విన్నాక ఒప్పుకునేవాళ్లు పెరుగుతారు, అదొక చిత్రం. రెండు వారాలు ఆ ఎనిమిది మందే. ఆ తర్వాత వారానికి ఇద్దరు ముగ్గురు చొప్పున ఇరవై దాకా. ఒకేసారి పదిమంది వస్తే అప్పటిదాకా కుదిరిన మాటతీరు చెదిరిపోతుంది. ఇద్దరే వస్తే వాళ్లే ఆ తీరు నేర్చుకుంటారు.

ఆ పక్షం రోజులూ నిర్వాహకులకు పని ఉంటుంది. రోజూ దాదాపు ఒకే వేళకు తమ పోస్టు ఒకటి పెట్టాలి. రోజుకొక సభ్యుణ్ణి విడిగా పలకరించి “నిన్న చెప్పిన ఆ పరదాలు కుట్టడం అయిందా, ఒక ఫొటో పెట్టరాదూ” అని అడగాలి. ఎవరు ఏది పెట్టినా గంటలోపు కనీసం ఒక జవాబు వచ్చేలా చూసుకోవాలి. ఈ మూడో పని అన్నిటికంటే గట్టిది. మొదటిసారి పెట్టిన ఫొటో సాయంత్రం దాకా ఒంటరిగా పడి ఉంటే రెండో ఫొటో రాదు. అందుకే ఇద్దరు నిర్వాహకులు ఉండాలి, ఒకరు పొద్దున చూసుకునేవారు, ఒకరు రాత్రి.

జవాబు ఎలా ఉండాలన్నదీ నేర్చుకునే విషయమే. “సూపర్ అక్కా” అన్నది మర్యాద, దాని తర్వాత మాట లేదు. ఒక్క చిన్న ప్రశ్న పది పొగడ్తల పెట్టు. పప్పులో పులుపు చింతపండుతోనా, మామిడికాయతోనా? సొరకాయ పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయని ఒకరు పెడితే, “సాయంత్రం పూసినప్పుడు మగపువ్వు కోసి ఆడపువ్వుకు తాకించి చూశారా?” అనడం అసలైన జవాబు. సొరపువ్వు విచ్చుకునేది సాయంత్రమే. బహుళ అంతస్తుల మిద్దె మీదికి పురుగులు తక్కువగా వస్తాయి కాబట్టి పరాగం అందక పిందె ఎండిపోతుంది. ఇలాంటి మాట ఒకటి దొరికిన రోజు ఆ గ్రూపును ఎవరూ మ్యూట్‌లో పెట్టరు. డిసెంబరులో దోశపిండి పులవట్లేదన్న ఫిర్యాదు కూడా అంతే. ఒకరు పప్పుతో చెంచాడు మెంతులు నానబెట్టమంటారు, ఒకరు గోరువెచ్చటి నీళ్లతో రుబ్బమంటారు, ఒకరు గిన్నెకు దుప్పటి చుట్టమంటారు. మూడూ పనిచేసేవే.

టైపు చేయడం రానివాళ్లకు, చేతులు ఖాళీ లేనివాళ్లకు వాయిస్ మెసేజ్ ఉంది. ముప్పై సెకన్లకు మించకూడదని ముందే అనుకోవాలి. మూడు నిమిషాల వాయిస్ మెసేజ్‌ను మర్యాదకు విన్నట్టు నటిస్తారు తప్ప వినరు. తెలుగు లిపిలో రాయాలా, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాయొచ్చా అన్న పట్టింపు పెట్టకపోవడమే మంచిది. చాలామంది అరవై దాటిన పెద్దమ్మలు మాటతోనూ, పాతికేళ్ల పిల్లలు ఇంగ్లిషు అక్షరాలతోనూ సుఖంగా ఉంటారు. ఉర్దూ మాటలు కలిసిన హైదరాబాదీ తెలుగుకు ఏ లిపైనా ఒకటే.

అంకెలు వస్తే

బాగా నడుస్తున్న గ్రూపును పాడుచేసేది ఎక్కువగా తగాదా కాదు, అంకెలు. ఎవరో ఒకరు ఈ రోజు పన్నెండు వేల అడుగులు అంటూ స్క్రీన్‌షాట్ పెడతారు. రెండో రోజు ఇంకొకరు పదిహేను వేలు. వారం తిరిగేసరికి ఒక పట్టిక, ఆదివారానికి విజేత. మోకాళ్ల నొప్పితో రెండు వేల అడుగులు వేసేవారికి ఇక అక్కడ పెట్టడానికి ఏమీ ఉండదు. వాళ్లు పోట్లాడరు, చడీచప్పుడు లేకుండా తప్పుకుంటారు. బరువు, షుగరు రీడింగ్, కుండీల లెక్క, పిల్లల మార్కులు, అన్నీ ఇదే దారి. ఆరోగ్య వివరాలకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకరి షుగరు అంకె చూసి ఇంకొకరు తమ మాత్ర పేరు చెప్పేస్తారు.

పని ఫొటో ఇంకో పని ఫొటోతో పోటీ పడదు. కేబీఆర్ పార్కు చుట్టూ ఎన్ని కిలోమీటర్లు నడిచారన్నదానికంటే దారిలో రాలిన మోదుగపూల ఫొటో ఎక్కువ మందిని మాట్లాడిస్తుంది. అంకె తప్పనిసరిగా కావలసిన చోటు కొలతలే: ఉప్పు ఎంత, నూనె ఎంత, కుండీ ఎన్ని అంగుళాలు. ఆ అంకెలు ఎదుటివారికి పనికొస్తాయి.

ఫోన్‌లో చేయాల్సినవి

వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా పడతారు కాబట్టి ఇరవైకి ఇబ్బంది లేదు, అందరి ఫోన్లలోనూ ఉంది కూడా. దాని లోపం ఏమిటంటే గ్రూపులోని ప్రతివారి ఫోన్ నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. ఒకరికొకరు తెలియని ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న గ్రూపులో ఇది చిన్న విషయం కాదు. 2024 నుంచి సిగ్నల్ అనే యాప్‌లో యూజర్ నేమ్ పెట్టుకుని నంబరు దాచవచ్చు. టెలిగ్రామ్‌లోనూ నంబరు దాచవచ్చు గానీ, అక్కడి గ్రూపులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (సందేశాన్ని గ్రూపులోవాళ్లు తప్ప కంపెనీ కూడా చదవలేని తాళం) లేదు. కొత్త యాప్ దించుకోమంటే సగం మంది ఆగిపోతారన్నది నిజం. అందుకని తెలిసినవాళ్ల గ్రూపుకు వాట్సాప్, నంబర్ల దగ్గర జంకు ఉంటే సిగ్నల్ అన్నది సబబైన తీర్పు.

వాట్సాప్ అయితే సెట్టింగ్‌లలో సభ్యులను చేర్చే అధికారం అడ్మిన్‌లకే ఉంచాలి, కొత్తవాళ్లకు అడ్మిన్ ఆమోదం తప్పనిసరి చేయాలి. ఆహ్వాన లింకు ఎక్కడా పెట్టకూడదు. పొరపాటున బయటపడితే వెంటనే రీసెట్ చేస్తే పాతది చెల్లదు. మాయమయ్యే సందేశాలకు 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులున్నాయి. ఇలాంటి గ్రూపుకు 90 రోజులు కుదురుతుంది: ఒక కాలం దాటి మరో కాలంలోకి పాత ఫొటోలు మోసుకుపోనక్కర్లేదు, ఈలోగా కొలతలు వెతుక్కోవడానికి వీలుంటుంది. నిలవాల్సిన కొలతలను నెలకోసారి ఎవరో ఒకరు వేరే డాక్యుమెంట్‌లోకి ఎక్కించుకోవాలి. గడువు పెట్టినా, ఫోన్‌లో ఆటో డౌన్‌లోడ్ ఉంటే ఫొటో గ్యాలరీలో కూర్చునే ఉంటుందని మరిచిపోకూడదు. 2025లో వచ్చిన అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ అనే సెట్టింగ్ ఆ గ్యాలరీ దారిని, చాట్ ఎగుమతిని మూస్తుంది. స్క్రీన్‌షాట్‌ను మాత్రం ఆపలేదు.

రోజువారీ పని ఫొటోలో పని కంటే ఎక్కువే పడుతుంది. ఫ్రిజ్ మీద అంటించిన కరెంటు బిల్లు, యూనిఫాం మీద స్కూలు పేరు, గేటు మీద ఫ్లాట్ నంబరు, వెనకాల నిలబెట్టిన బండి నంబరు ప్లేటు. పెట్టేముందు కత్తిరించడం అలవాటైతే ఐదు సెకన్ల పని. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అందులో దాగిన లొకేషన్ వివరాలు పోతాయి. అదే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపితే అవి అలాగే వెళ్తాయి. నడకకు వెళ్లేవాళ్లు ఇంకొకటి గమనించాలి. రోజూ ఐదున్నరకు “బయల్దేరాం” అని పెట్టడమంటే ఆ వేళకు ఇల్లు తాళం వేసి ఉంటుందని చెప్పడమే. తిరిగొచ్చాక పెట్టడం నయం. వ్యాయామ యాప్ స్ట్రావా విడుదల చేసిన పటంలో జవాన్ల పరుగుల గీతలు సైనిక స్థావరాలను పట్టిచ్చాయని 2018లో ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. ఒక వీధిలోని ఇంటిని పట్టివ్వడానికి అంత పెద్ద పటం అవసరం లేదు.

నమ్మకం ఎక్కువగా ఉండే చిన్న గ్రూపే మోసగాళ్లకు అనుకూలమైన చోటు. ఫోన్‌కు వచ్చిన ఆరంకెల కోడ్‌ను ఎవరికో చెప్పేసి ఒకరి వాట్సాప్ ఖాతా చేజారితే, అదే పేరుతో, అదే ఫొటోతో “అర్జంటుగా పదివేలు పంపగలరా, సాయంత్రం ఇచ్చేస్తాను” అని వస్తుంది. పెళ్లి శుభలేఖ పేరుతో ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లోకి యాప్‌ను ఎక్కించే ఫైలు, కూడా ఇలాగే వస్తుంది. శుభలేఖ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది గానీ ఏపీకేగా రాదు, దాన్ని తెరవకూడదు. డబ్బు మాట గ్రూపులో ఎప్పుడూ రాకూడదన్న నియమం ఉంటే, వచ్చిన మరుక్షణమే అది మోసమని పసిగట్టవచ్చు. ఆ మనిషికి మామూలు ఫోన్ కాల్ చేసి మాట్లాడి, నిజమైతేనే ముందుకు పోవాలి. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సభ్యులంతా చేరిన రోజే టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకుంటే ఈ గొడవలో చాలాభాగం తప్పుతుంది.

అమ్మకాలు మెల్లగా దూరతాయి. మొదట “మా ఇంట్లో వడియాలు ఎక్కువయ్యాయి, ఎవరికైనా కావాలా” అని వస్తుంది, అది పంచుకోవడమే. తర్వాత ధర, ఆపై క్యూఆర్ కోడ్. చేత్తో చేసిందే కాబట్టి నియమం దాన్ని ఆపలేదు. ఈ ఒక్క చోట నియమానికి అతుకు వేయాలి: ఇవ్వొచ్చు, అమ్మకూడదు. అమ్ముకోవడం తప్పని కాదు. కొనేవారికీ అమ్మేవారికీ మధ్య “ఉప్పు కాస్త ఎక్కువైంది వదినా” అన్న మాట నోట రాదు.

నియమం దాటినవారితో అందరి ముందూ మాట్లాడకూడదు. మొదటిసారి విడిగా ఒక మాట, రెండోసారి అడ్మిన్ ఆ సందేశాన్ని తొలగించడం, మూడోసారి ఫోన్ చేసి చెప్పి తప్పించడం. సభ్యుడు పెట్టినదానికి అడ్మిన్ జైలుకు పోతాడన్న భయం ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఉమ్మడి ఉద్దేశం లేనప్పుడు సభ్యుడి పోస్టుకు అడ్మిన్‌ను బాధ్యుణ్ణి చేయలేమని 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ చెప్పింది. 2022లో కేరళ హైకోర్టూ దాదాపు అదే మాట చెప్పింది. చూసి కూడా ఉంచేయమని దానర్థం కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే వివరాలకు వర్తించదు. సభ్యుల నంబర్ల జాబితాను ఏ మొక్కల నర్సరీకో ఇచ్చిన రోజు అది ఇంటి అవసరం కాకుండా పోతుంది.

రెండు నెలలకోసారి మనుషులు ఎదురుపడితే మిగతా రోజుల మాటతీరు మారుతుంది. ఎల్బీనగర్, నాగోల్, మియాపూర్ వైపుల నుంచి వచ్చేవాళ్లుంటే రెండు మెట్రో దారులు కలిసే అమీర్‌పేట చుట్టుపక్కల గానీ, పిల్లలుంటే సంజీవయ్య పార్కులో గానీ పెట్టుకోవచ్చు. ఇంట్లో పెట్టుకుంటే పిలిచినవారికి వంట భారం, మిగతావారికి తామూ పిలవాలన్న అప్పు. ఒక్కొక్కరు ఒక్కటి తెచ్చుకుంటే చాలు: గుప్పెడు బీర గింజలు, కరివేపాకు పిలక, మజ్జిగ మిరపకాయలు. మేలో మాత్రం సాయంత్రం ఐదున్నరకు ముందు ఎవరినీ పిలవకూడదు.

ఇరవై దాటి ముప్పై అవుతున్నప్పుడు విడదీయాలి, అదీ ఏరియాల ప్రకారం కాకుండా పనుల ప్రకారం. మిద్దె తోటవాళ్లు ఒకవైపు, వంటవాళ్లు ఒకవైపు. రెండింట్లోనూ ఉండాలనుకునేవాళ్లు నలుగురైదుగురు ఎలాగూ మిగులుతారు, వాళ్ల ద్వారా వార్తలు అటూ ఇటూ పోతాయి. అలాగే రెండు నెలలుగా నిర్వాహకులు తప్ప ఎవరూ పెట్టని గ్రూపును పట్టుకుని వేలాడకూడదు. వారం ముందు చెప్పి, కొలతల డాక్యుమెంట్ అందరికీ పంపి, అందరినీ తొలగించి, చివరన అడ్మిన్ కూడా బయటికి రావాలి. మృగశిర కార్తెకు గింజలు వేసే వేళ దాటకముందే కొత్తది ఆరుగురితో మొదలవ్వచ్చు.